హెచ్.జి.వెల్స్

హెర్బర్ట్ జార్జ్ వెల్స్ (సెప్టెంబరు 21, 1866 - ఆగష్టు 13, 1946) సుప్రసిద్ధ ఆంగ్ల రచయిత. కాలయంత్రం, అదృశ్య మానవుడు, అంగారక గ్రహవాసుల దండయాత్ర వంటి ఊహలను నవలలుగా మలచి వైజ్ఞానిక కల్పనా సాహిత్యానికి ఆద్యులలో ఒకడుగా పేరు పొందాడు. చరిత్ర, జీవశాస్త్రం, విద్య, రాజకీయాలు మొదలైన విషయాలపై కూడా విరివిగా వ్రాశాడు. బొమ్మ సైనికులతో ఆడే యుద్ధక్రీడకు సామాన్యులు ఇంట్లో ఆడుకోదగిన నియమావళిని వ్రాసి ప్రచారంలోకి తెచ్చినవాడు కూడా ఇతడే. తన ఇద్దరు కుమారుల ఆటగది నుండి పుట్టిన ఫ్లోర్ గేమ్స్ (1911), లిటిల్ వార్స్ (1913) అనే రెండు చిన్న పుస్తకాలు, నేడు అనేక దేశాలలో పిల్లలూ పెద్దలూ ఆడుతున్న కాల్పనిక యుద్ధక్రీడలకు మూలాలలో ముఖ్యమైనవి. యుద్ధాన్ని మూర్ఖత్వంగా భావించిన రచయిత పిల్లల చేతికి యుద్ధపు ఆటను ఎందుకు ఇచ్చాడు, దానిపై అతడు పెట్టుకొన్న ఆశ ఏమైంది అన్నది అతని జీవితంలో గమనించదగిన విషయం.

బాల్యము

వెల్స్ ఇంగ్లాండులోని కెంట్ ప్రాంతంలో ఉన్న బ్రోమ్లీ పట్టణంలో జన్మించాడు. తండ్రి జోసెఫ్ వెల్స్ మొదట తోటమాలి. తరువాత పింగాణీ సామాను, క్రికెట్ సామగ్రి అమ్మే చిన్న దుకాణం నడిపాడు. వృత్తి క్రికెట్ ఆటగాడు కూడా అయిన జోసెఫ్ 1862లో కెంట్ జట్టు తరఫున సస్సెక్స్ జట్టుపై వరుసగా నాలుగు బంతులలో నాలుగు వికెట్లు తీసుకొన్నాడు. తల్లి సారా నీల్ వివాహానికి పూర్వం సంపన్నుల ఇళ్ళలో పరిచారికగా పనిచేసింది. దుకాణంలో రాబడి తక్కువ కావడం వలన క్రికెట్ ద్వారా వచ్చే సొమ్మే కుటుంబానికి ఆధారంగా ఉండేది.

1874లో కాలు విరగడంతో బాలుడైన వెల్స్ కొన్ని వారాలు మంచం పట్టాడు. ఆ రోజులలో తండ్రి గ్రంథాలయం నుండి తెచ్చి ఇచ్చిన పుస్తకాలే అతనికి కాలక్షేపమైనాయి. చదువుపై ఆసక్తి అప్పుడే కలిగిందని వెల్స్ తరువాతి కాలంలో చెప్పుకొన్నాడు. 1877లో తండ్రికి తొడ ఎముక విరిగి క్రికెట్ జీవితం ముగిసింది. కుటుంబం ఆర్థికంగా చితికిపోయింది.

బాల్యంలో వెల్స్‌కు యుద్ధాలంటే ఎనలేని మోజు. పదమూడేళ్ళ వయసులో బ్రోమ్లీ పరిసరాలలో ఒంటరిగా నడుస్తూ, తాను మహాసేనానినని, తన వెంట సైన్యాలు కదులుతున్నాయని ఊహించుకొనేవాడు. ఊరి దగ్గరి మార్టిన్స్ హిల్ అనే గుట్ట అతని ఊహలలో రణరంగమయ్యేది. ఈ ఊహాయుద్ధాలను అతడు 1934లో వెలువడిన స్వీయచరిత్రలో వివరంగా వర్ణించాడు.

విద్య, ఉపాధ్యాయ వృత్తి

1880లో తల్లి సస్సెక్స్‌లోని అప్‌పార్క్ అనే జమీందారీ భవనంలో గృహ నిర్వాహకురాలిగా చేరింది. వెల్స్‌ను బట్టల దుకాణంలో పని నేర్చుకోవడానికి పంపారు. 1881 నుండి 1883 వరకు సౌత్‌సీలోని ఒక బట్టల దుకాణంలో అతడు అప్రెంటీసుగా గడిపాడు. ఉదయం మొదలు రాత్రి వరకు చాకిరీ, తోటి పనివారితో కలిసి ఒకే గదిలో నిద్ర. ఈ అనుభవాలే తరువాత కిప్స్ (1905), ది హిస్టరీ ఆఫ్ మిస్టర్ పాలీ (1910) నవలలకు ముడిసరుకైనాయి. తల్లిని చూడడానికి అప్‌పార్క్ వెళ్ళినప్పుడల్లా అక్కడి గ్రంథాలయంలో ప్లేటో రచించిన రిపబ్లిక్ వంటి గ్రంథాలు చదివేవాడు.

1883లో దుకాణం విడిచిపెట్టి మిడ్‌హర్స్ట్ గ్రామర్ స్కూలులో తాను చదువుకొంటూ చిన్న తరగతులకు పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాడు. మరుసటి ఏడు ఉపకార వేతనం లభించి లండన్‌లోని నార్మల్ స్కూల్ ఆఫ్ సైన్స్‌లో ప్రవేశించాడు. అక్కడ ప్రఖ్యాత జీవశాస్త్రవేత్త థామస్ హెన్రీ హక్స్లీ అతనికి గురువు. పట్టా పొందకుండానే 1887లో ఆ విద్యాలయాన్ని విడిచినా, 1890లో లండన్ విశ్వవిద్యాలయం నుండి జంతుశాస్త్రంలో బి.ఎస్సీ. పట్టా సాధించాడు. మధ్యకాలంలో హెన్లీ హౌస్ అనే పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. బొమ్మ ఎలుగుబంటి విన్నీ ద పూ కథలతో తరువాత ప్రసిద్ధుడైన ఎ.ఎ.మిల్న్ ఆ పాఠశాలలో విద్యార్థి.

1893లో జీవశాస్త్ర పాఠ్యపుస్తకం ప్రచురించాడు. అదే సంవత్సరం ఊపిరితిత్తుల నుండి రక్తస్రావం కావడంతో బోధన మానుకొని రచనను జీవనాధారంగా చేసుకొన్నాడు.

రచయితగా

ది టైమ్ మెషీన్ (1895) వెల్స్‌కు కీర్తిని తెచ్చింది. ది ఐలండ్ ఆఫ్ డాక్టర్ మోరో (1896), ది ఇన్విజిబుల్ మాన్ (1897), ది వార్ ఆఫ్ ది వరల్డ్స్ (1898), ది ఫస్ట్ మెన్ ఇన్ ది మూన్ (1901) వెంటవెంటనే వెలువడ్డాయి.

రాబోయే యుద్ధాల స్వరూపాన్ని ఊహించడం వెల్స్ రచనలలో తరచుగా కనిపిస్తుంది. 1903లో వ్రాసిన ది లాండ్ ఐరన్‌క్లాడ్స్ అనే కథలో ఉక్కు కవచం గల యుద్ధ శకటాలను వర్ణించాడు. టాంకులు నిజంగా రణరంగంలో దిగింది 1916లో. ది వార్ ఇన్ ది ఎయిర్ (1908) నవలలో నగరాలపై వైమానిక దాడులను, ది వరల్డ్ సెట్ ఫ్రీ (1914) నవలలో అణుబాంబులను చిత్రించాడు. ఈ రెండవ నవలను 1932లో చదివిన భౌతిక శాస్త్రవేత్త లియో సిలార్డ్ తరువాత అణు శృంఖల చర్య భావనను రూపొందించాడు.

కుటుంబము

1891లో వెల్స్ తన బంధువైన ఇసబెల్‌ను వివాహమాడాడు. ఆ కాపురం ఎక్కువ కాలం నిలువలేదు. 1895లో తన పూర్వ విద్యార్థిని అమీ కాథరిన్ రాబిన్స్‌ను పెళ్ళి చేసుకొన్నాడు. ఆమెను ఇంట్లో జేన్ అని పిలిచేవారు. వీరికి జార్జ్ ఫిలిప్ (జననం 1901), ఫ్రాంక్ రిచర్డ్ (జననం 1903) అని ఇద్దరు కుమారులు. పెద్దవానిని ముద్దుగా జిప్ అనేవారు. సముద్రతీరంలోని శాండ్‌గేట్‌లో వాస్తుశిల్పి వాయిసీ చేత కట్టించుకొన్న స్పేడ్ హౌస్ అనే ఇంట్లో పిల్లల తొలి బాల్యం గడిచింది. 1909లో కుటుంబం లండన్‌లోని హాంప్‌స్టెడ్‌కు, ఆ తరువాత ఎసెక్స్‌లోని ఈస్టన్ గ్లీబ్‌కు మారింది.

వెల్స్‌కు ఇతర స్త్రీలతో కూడా సంబంధాలు ఉండేవి. అంబర్ రీవ్స్ వలన ఒక కుమార్తె, రచయిత్రి రెబెక్కా వెస్ట్ వలన ఆంథొనీ వెస్ట్ అనే కుమారుడు కలిగారు. పిల్లలతో నేలపై కూర్చుని గంటల తరబడి ఆడిన తండ్రి, కుటుంబ జీవితంలో భార్యకు కష్టం కలిగించిన భర్త కూడా.

నేల మీది ఆటలు

1911లో ప్రచురితమైన ఫ్లోర్ గేమ్స్ చిన్న పుస్తకం. ఇందులో వెల్స్ తన కుమారులతో ఆడిన ఆటలను వర్ణించాడు. ఈ ఆటలకు మొట్టమొదట కావలసింది పిల్లలకు స్వేచ్ఛగా విడిచిపెట్టిన నేల. ఆపైన నాలుగు రకాల సామగ్రి: బొమ్మ మనుషులు, చెక్క ఇటుకలు, బల్లచెక్కలు, కీ ఇచ్చి నడిపే రైలుబండి. చెక్క ఇటుకలు తగినంత పెద్దవిగా, ఎక్కువ సంఖ్యలో ఉండాలని, దుకాణాలలో అమ్మే ఇటుకలు పనికిరానంత చిన్నవని వెల్స్ అభిప్రాయపడ్డాడు. బొమ్మల వ్యాపారులు ఎంతసేపూ సైనికులనే తయారు చేస్తారని, ఊరిలో ఉండే మామూలు మనుషుల బొమ్మలు దొరకవని కూడా విమర్శించాడు.

ఆటలలో ముఖ్యమైనవి రెండు. మొదటిదానిలో నేల సముద్రమవుతుంది, బల్లచెక్కలు దీవులవుతాయి. పిల్లలు ఓడలలో వెళ్ళి దీవులను కనుగొని వాటిని తమకు నచ్చినట్లు తీర్చిదిద్దుతారు. రెండవది నగర నిర్మాణం. అన్నదమ్ములిద్దరికీ నగర మేయరు పదవి కావాలి గనుక ఎప్పుడూ జంట నగరాలనే కట్టేవారు. రైలు మార్గం మాత్రం ఇద్దరికీ ఉమ్మడి. తగవు రాకుండా ఆటలోనే ఏర్పాటు చేసిన ఈ పద్ధతి వెల్స్ ధోరణికి మంచి ఉదాహరణ.

ఈ పుస్తకంలో ఆనాటి సామ్రాజ్యవాద భావాలు కూడా స్పష్టంగా కనిపిస్తాయి. దీవులలోని స్థానికులను లొంగదీసి, జెండాలు పాతి, నాగరికతను ప్రసాదించడం ఆటలో సహజమైన భాగంగా చెప్పబడింది. అందులో కొంత వ్యంగ్యం ఉన్నా, నేటి పాఠకునికి అది ఇబ్బంది కలిగించే అంశమే.

లిటిల్ వార్స్ పుట్టుక

యుద్ధాన్ని ఆటగా ఆడడం వెల్స్‌తో మొదలు కాలేదు. ప్రష్యా సైన్యంలో అధికారుల శిక్షణ కోసం రైస్విట్జ్ రూపొందించిన క్రీగ్‌స్పీల్ 1824 నాటికే వాడుకలో ఉంది. అయితే అది వృత్తి సైనికులకు ఉద్దేశించిన క్లిష్టమైన అభ్యాసం. రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1881-82 ప్రాంతంలో స్విట్జర్లాండులోని దావోస్‌లో తన సవతి కుమారుడు లాయిడ్ ఆస్బోర్న్‌తో బొమ్మ సైనికుల యుద్ధం ఆడాడు. అది ఆ ఇంటి ఆటగానే ఉండిపోయింది.

ఇంతలో బొమ్మలు చౌకయ్యాయి. లండన్‌కు చెందిన బ్రిటెన్స్ సంస్థ 1893లో లోపల బోలుగా ఉండే సీసపు సైనికులను పోతపోసే పద్ధతిని ప్రవేశపెట్టింది. లోహం తక్కువ పట్టడం వలన ధర తగ్గి, మధ్యతరగతి ఇళ్ళలోకి కూడా బొమ్మ సైన్యాలు వచ్చాయి. వాటితోపాటు స్ప్రింగు బలంతో అంగుళం పొడవు గల చెక్కముక్కను విసిరే బొమ్మ ఫిరంగి కూడా దొరికేది. తొమ్మిది గజాల దూరంలో ఉన్న బొమ్మను కూడా ఇది గురితప్పకుండా పడగొట్టగలదని వెల్స్ మెచ్చుకొన్నాడు.

ఒకనాడు పిల్లల ఆటవస్తువులు చెల్లాచెదురుగా పడి ఉన్న గదిలో భోజనం ముగించిన ఒక మిత్రుడు ఆ ఫిరంగిని తీసుకొని గురిచూసి ఒక సైనికుణ్ణి పడగొట్టాడు. పైగా తనతో పోటీపడమని సవాలు చేశాడు. పొడి అక్షరాలతో మాత్రమే పేర్కొనబడిన ఈ మిత్రుడు హాస్య రచయిత జెరోమ్ కె.జెరోమ్ అని సాధారణంగా భావిస్తారు. గురిపందెంగా మొదలైనది క్రమంగా యుద్ధమైంది. తొలినాళ్ళలో విజ్ఞాన సర్వస్వపు సంపుటాలను పేర్చి కొండలు, గోడలుగా వాడారు. తరువాత చెక్క ఇటుకల ఇళ్ళు, చెట్లుగా నాటిన కొమ్మలు, నేలపై సుద్దముక్కతో గీసిన నదులు వచ్చి చేరాయి. ఆడుతున్నకొద్దీ లోపాలు బయటపడ్డాయి. ఒక్కొక్క లోపాన్ని సరిచేయడానికి ఒక్కొక్క నియమం ఏర్పడింది.

ఈ పుస్తకం 1913లో లండన్‌లో ఫ్రాంక్ పామర్ సంస్థ ద్వారా వెలువడింది. ఫొటోలు జేన్ తీసినవి. పుటల అంచులలోని బొమ్మలు జె.ఆర్.సింక్లైర్ గీసినవి. పన్నెండేళ్ళ బాలుర మొదలు నూట యాభై ఏళ్ళ వృద్ధుల వరకు అందరికీ ఈ ఆట తగినదని ఉపశీర్షికలోనే హాస్యంగా సూచించాడు. బాలికలలో మాత్రం మగపిల్లల ఆటలను ఇష్టపడే తెలివైనవారికేనని పరిమితం చేయడం ఆనాటి దృష్టికి నిదర్శనం.

ఆట నియమాలు

లిటిల్ వార్స్ నియమాలు కొద్ది పుటలలో ముగుస్తాయి. వాటిలో ముఖ్యమైనవి ఇవి:

రణరంగం: ఇళ్ళు, చెట్లు, కొండలు అమర్చే పని ఒక ఆటగాడిది. తాను ఏ వైపు నుండి పోరాడాలో ఎంచుకొనే హక్కు రెండవవాడిది. కనుక అమర్చేవాడు తనకు అనుకూలంగా రణరంగాన్ని తయారు చేసుకొనే వీలు లేదు.

మోహరింపు: మధ్యలో తెర కట్టి ఇద్దరూ తమ సైన్యాలను రహస్యంగా నిలుపుతారు. తెర తీసిన తరువాత ఆట మొదలవుతుంది.

కదలిక: ఒక్కొక్క విడతలో కాలిబంటు ఒక అడుగు దూరం, గుర్రపు రౌతు రెండు అడుగుల దూరం కదలవచ్చు. దూరాన్ని దారంతో కొలుస్తారు.

ఫిరంగి: దగ్గరలో తన పక్షపు సైనికులు కనీసం నలుగురు ఉంటేనే ఫిరంగి పనిచేస్తుంది. ఒక విడతలో దానిని కదల్చవచ్చు లేదా పేల్చవచ్చు, రెండూ చేయరాదు. పేల్చితే నాలుగు గుండ్ల వరకు పేల్చవచ్చు.

సమయం: ముప్పై మంది సైనికులకు ఒక నిమిషం, ఒక్కొక్క ఫిరంగికి మరొక నిమిషం చొప్పున గడువు లెక్కిస్తారు. గడువు ముగిస్తే కదలని సైనికులు ఉన్నచోటనే నిలిచిపోతారు.

ముఖాముఖి పోరు: ఎదురుపడిన రెండు దళాలు సమానమైతే ఇరువైపులా అందరూ మరణించినట్లే. చిన్న దళం తనవారి సహాయం అందని చోట చిక్కుకొంటే తేడా ఎంతో అంతమంది బందీలవుతారు. పదకొండు మంది ఎదుట తొమ్మిది మంది ఒంటరిగా చిక్కితే ఇద్దరు బందీలై, మిగిలిన ఏడుగురు ప్రత్యర్థి పక్షంలో ఏడుగురితో సహా మరణిస్తారు. గెలిచిన పక్షానికి మిగిలేది నలుగురు సైనికులు, ఇద్దరు బందీలు.

ఈ ఆటలో పాచికలు లేవు. దూరం నుండి పడగొట్టడం చేతి నైపుణ్యంపై, దగ్గరి పోరు కూడికలు తీసివేతలపై ఆధారపడతాయి. నియమాల తరువాత హుక్స్ ఫార్మ్ యుద్ధం అనే పేరుతో ఒక ఆటను మొదటి నుండి చివరి వరకు, సేనానుల జ్ఞాపకాల శైలిని అనుకరిస్తూ హాస్యంగా వర్ణించాడు.

పిల్లలకు ఆటను అందించిన తీరు

లిటిల్ వార్స్ నియమాలు ఎక్కువగా పెద్దల మధ్య రూపుదిద్దుకొన్నా, వాటి వెనుక ఉపాధ్యాయుడిగా వెల్స్ పొందిన అనుభవం కనిపిస్తుంది. మొదట పిల్లవాడు తన చేతులతో ఒక లోకాన్ని కట్టుకొంటాడు, ఆ తరువాతే సైనికులు ప్రవేశిస్తారు. నియమాలు ముందుగానే ఇద్దరి అంగీకారం పొందుతాయి కాబట్టి వయసును బట్టి గాని, గొంతును బట్టి గాని తీర్పు మారదు. కొలత దారం తండ్రికీ కొడుకుకూ ఒక్కటే. ఎత్తుబడి ఆలోచిస్తూ కూర్చొనే వీలు లేకుండా గడియారం ఇద్దరినీ తొందరపెడుతుంది. ఓడినవాడికి తన ఓటమికి కారణం కంటి ఎదుటనే కనిపిస్తుంది: ముందుకు దూకిన రౌతులు, కాపలా లేని ఫిరంగి, సహాయం అందని దళం. పెద్దలు తగ్గి ఆడడం కాక, పిల్లలతో సమానంగా ఆడడం ఈ ఆటల ప్రత్యేకత.

ఆట, యుద్ధము

పుస్తకం చివరి అధ్యాయంలో వెల్స్ హాస్యం విడిచి తన ఉద్దేశాన్ని చెప్పాడు. ఈ చిన్న యుద్ధంలో నలిగిన శరీరాలు లేవు, కూలిన ఇళ్ళు లేవు, తల్లుల శోకం లేదు. మూడు నాలుగు సార్లు ఆడినవారికి నిజమైన యుద్ధం ఎంత గందరగోళమైనదో తెలిసిపోతుందని అతని వాదన. తనతో ఆడిన సైనికాధికారులు ఈ చిన్న ఆటలోని ప్రాథమిక నియమాల వద్దనే తడబడ్డారని ఎత్తిపొడిచాడు. యుద్ధోన్మాదులైన ప్రభువులను, ప్రజలను రెచ్చగొట్టేవారిని ఒక గదిలో చేర్చి, కావలసినన్ని బొమ్మ సైనికులను ఇచ్చి, మిగిలిన లోకాన్ని ప్రశాంతంగా బ్రతకనివ్వాలని ప్రతిపాదించాడు.

పుస్తకం వెలువడిన మరుసటి సంవత్సరమే, 1914 ఆగష్టులో, మొదటి ప్రపంచ యుద్ధం ప్రారంభమైంది. వెల్స్ దానిని వ్యతిరేకించలేదు. జర్మనీ సైనికవాదాన్ని అంతం చేస్తే యుద్ధాలకే అంతం కలుగుతుందని వాదిస్తూ పత్రికలలో వ్యాసాలు వ్రాశాడు. ఆ వ్యాస సంపుటి పేరు ది వార్ దట్ విల్ ఎండ్ వార్. కాలక్రమంలో ఈ పేరు భగ్నమైన ఆశకు ప్రతీకగా మారింది. అప్పటికి అతని కుమారులు పదమూడు, పది ఏళ్ళ బాలురు కావడం వలన రణరంగానికి వెళ్ళవలసిన అవసరం రాలేదు. వారికంటే కొద్ది ఏళ్ళు పెద్దవారైన ఎందరో బాలురు తిరిగిరాలేదు. 1916లో వెలువడిన మిస్టర్ బ్రిట్లింగ్ సీజ్ ఇట్ త్రూ నవలలో యుద్ధాన్ని సమర్థించిన ఒక రచయిత తన కుమారుణ్ణి ఆ యుద్ధంలోనే పోగొట్టుకొంటాడు. 1918లో వెల్స్ కొంతకాలం ప్రభుత్వ ప్రచార విభాగంలో పనిచేసి, అక్కడి విధానాలు నచ్చక తప్పుకొన్నాడు. నానాజాతి సమితి భావనను బలపరిచాడు.

స్వీయచరిత్రలో అతడు ఈ విషయాన్ని దాచలేదు. బ్రోమ్లీ గుట్టల మీద ఊహాసేనలను నడిపిన బాలుని మనస్తత్వం తనలో చాలాకాలం మిగిలే ఉన్నదని, లిటిల్ వార్స్ దానికి ఒక రూపమని, యుద్ధం గురించి బాధ్యత గల పెద్దవాడిలా ఆలోచించడం 1916-1920 మధ్యనే తనకు అలవడిందని అంగీకరించాడు. ప్రపంచ నాయకులు కొందరు ఆ దశను ఎన్నడూ దాటలేదని కూడా అభిప్రాయపడ్డాడు.

చివరి దశ

యుద్ధానంతరం, జాతుల మధ్య వైరానికి చరిత్ర పాఠాలే కొంత కారణమని భావించి, మానవజాతి అంతటికీ ఉమ్మడి చరిత్రగా ది ఔట్‌లైన్ ఆఫ్ హిస్టరీ (1920) వ్రాశాడు. 1920లో రష్యాలో లెనిన్‌ను, 1934లో స్టాలిన్‌ను, రూజ్వెల్ట్‌ను కలుసుకొన్నాడు. 1927లో జేన్ మరణించింది. జీవశాస్త్రవేత్తగా ఎదిగిన జిప్, జూలియన్ హక్స్లీలతో కలిసి ది సైన్స్ ఆఫ్ లైఫ్ అనే బృహద్గ్రంథాన్ని రచించాడు. రెండవ కుమారుడు ఫ్రాంక్ చలనచిత్ర రంగంలో పనిచేశాడు. మధుమేహ రోగి అయిన వెల్స్ 1934లో బ్రిటన్‌లో ఆ రోగుల సంఘం స్థాపనకు తోడ్పడ్డాడు. 1940లో మానవ హక్కుల ప్రకటన కోసం కృషి చేశాడు.

రెండవ ప్రపంచ యుద్ధంలో లండన్‌పై బాంబులు పడుతున్నా నగరం విడిచి వెళ్ళలేదు. తాను నవలల్లో ఊహించిన అణుబాంబు 1945లో నిజంగా ప్రయోగింపబడడం చూశాడు. ఆ సంవత్సరం వెలువడిన చివరి రచన తీవ్రమైన నిరాశతో నిండి ఉంది. 1946 ఆగష్టు 13న లండన్‌లోని స్వగృహంలో, 79వ ఏట మరణించాడు. అతని చితాభస్మాన్ని సముద్రంలో కలిపారు.

ప్రభావము

ఫ్లోర్ గేమ్స్ ప్రభావం వైద్యరంగంలో కూడా కనిపిస్తుంది. బ్రిటిష్ బాల మానసిక వైద్యురాలు మార్గరెట్ లోవెన్‌ఫెల్డ్ ఈ పుస్తకాన్ని గుర్తుచేసుకొని, ఇసుక తట్టెలో చిన్నచిన్న బొమ్మలతో పిల్లలు తమ లోకాన్ని నిర్మించే పద్ధతిని రూపొందించింది. మాటలలో చెప్పలేని బాధను పిల్లలు బొమ్మల ద్వారా వ్యక్తం చేయడానికి ఈ పద్ధతి ఉపయోగపడింది.

లిటిల్ వార్స్‌ను ఆడినవారిలో నటుడు పీటర్ కుషింగ్ ఒకడు. అతడు ఈ ఆట ఆడుతుండగా 1956లో వార్తాచిత్రం తీశారు. 1962లో డోనాల్డ్ ఫెదర్‌స్టోన్ వ్రాసిన వార్ గేమ్స్ పుస్తకంతో ఈ క్రీడ మరింత మందికి చేరింది. 1971లో అమెరికాలో గారీ గైగాక్స్, జెఫ్ పెరెన్ రూపొందించిన చైన్‌మెయిల్ అనే ఆటకు మాంత్రికులు, డ్రాగన్లు గల అనుబంధం చేర్చడంతో బొమ్మల యుద్ధం కాల్పనిక లోకంలో అడుగుపెట్టింది. దాని నుండి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ పుట్టింది. 1983లో బ్రిటన్‌లో వార్‌హామర్ వెలువడింది. 2004లో వచ్చిన లిటిల్ వార్స్ పునర్ముద్రణకు గైగాక్స్ స్వయంగా ముందుమాట వ్రాశాడు.

స్ప్రింగు ఫిరంగుల స్థానంలో పాచికలు వచ్చాయి, ఎర్రకోటు సైనికుల స్థానంలో రాక్షసులు, మరుగుజ్జులు నిలిచారు. కొలత చూసి కదలడం, వంతుల వారీగా ఆడడం, ఇళ్ళను, చెట్లను చేతితో తయారు చేసుకోవడం, ఆటకు ముందే నియమాలపై ఒప్పందానికి రావడం మాత్రం వెల్స్ కాలం నాటి నుండి నిలిచి ఉన్నాయి. రెండు పుస్తకాలూ ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఉచితంగా చదువుకోవడానికి లభిస్తున్నాయి.